గంగరావి దుంగలో మేకు

మా సామిల్లులో గోడకున్న కొయ్యలకు ఏడెనిమిది రంపం బ్లేడ్లు మడిచి తగిలించి ఉంటాయి. శ్రీహరికోటలో రాకెట్టు లేచినప్పుడు పైన రేకులు దడదడమంటాయి. ఆ దడ ఆగిపోయినాక కూడా బ్లేడ్లు సన్నగా మోగుతూనే ఉంటాయి, ఎవరో దూరంగా మూలిగినట్టు. మా బావ అప్పుడు తల పైకెత్తి, "ఎవరో పిలిచినారు" అనేవాడు. ప్రతిసారీ అదే మాట. నేను ఆకురాయితో రంపం పళ్లు రాపడం ఆపేవాణ్ణి కాదు. ఆపితే ఆయన ముఖం చూడాల.

మిల్లు కోట ఊరి నుంచి సముద్రం దిక్కు పోయే రోడ్డు మీద ఉంది. ముప్పై ఏళ్లకు పైగా అందులో నేను బ్లేడు మేస్త్రీని. మిషను ముందు నిలబడి దుంగలు కోసేవాడు మా బావ. బావంటే మా అక్క మొగుడు. మా అక్క పోయి నలభై ఏళ్లు దాటింది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, తాత కూడా అయినాడు. అయినా ఆయన నాకు బావే, నేను ఆయనకు బామ్మర్దినే. ఇద్దరం పులికాట్ గట్టు మీద ఒకే పల్లెలో పుట్టినవాళ్లం. చేపలు తగ్గినాక వలలు వదిలేసి ఇద్దరం ఒకేరోజు ఈ మిల్లులో చేరినాం.

బ్లేడు పని గురించి కొంచెం చెప్పాల, లేకపోతే తర్వాతది అర్థం కాదు. బ్లేడంటే ఇరవైరెండడుగుల ఉక్కు పట్టీ. రెండు కొనలూ అతికించి చుట్టగా చేస్తారు. ఒక అంచుకు పళ్లుంటాయి. కింద ఒక చక్రం, పైన ఒక చక్రం. వాటి మీద బెల్టు మాదిరి తిరుగుతుంది. రంపపు పొట్టు రవ్వలాగ రాలుతుంటే బ్లేడు బాగున్నట్టు. పిండిలాగ రాలితే మొద్దుబారినట్టు. అప్పుడు మిషను ఆపాల. ఫ్యూజులు పీకి నా పంచెమడతలో దోపుకునేవాణ్ణి. బ్లేడు మళ్లీ ఎక్కేదాకా అవి నా నడుం దగ్గరే. ఇది ఎవరూ నాకు నేర్పలేదు, భయం నేర్పింది. తర్వాత పై చక్రం బిగువు వదిలి, పట్టీని జారవిడిచి, మూడు చుట్లు పడేట్టు మడవాల. చేతివాటం లేనివాడు మడిస్తే అది పాములాగ ముఖమ్మీదికి లేస్తుంది. జిగురంతా కిరసనాయిలుతో కడిగి, పంటి మొదట్లో గోరు పెట్టి జరుపుకుంటూ పోతే చీలిక ఎక్కడుందో గోరుకే తెలుస్తుంది. చీలిక చిన్నదైతే దాని చివర ఉలితో ఒక చిన్న గుంట కొడతాం. పారుతున్న చీలిక ఆ గుంట దగ్గర ఆగిపోతుంది. గుచ్చితే ఆగుతుంది. ఆ మాట నేను మిల్లులో చేరకముందే ఒకడి నోట విన్నాను. ఆ సంగతే రాయాలని కూర్చున్నాను.

మా అక్క కాన్పులో పోయింది. బిడ్డ కూడా దక్కలేదు. ఏడాది తిరక్కముందే బావకు మళ్లీ పెళ్లి చేసినారు. దగ్గరుండి చేసింది మా అమ్మే. ఒంటరిగా వదిలితే తాగుడికి పోతాడని. వచ్చిన పిల్ల పక్క పల్లెది. ఏడో తరగతి దాకా చదివింది, నోట్లో నాలుక లేదు. నేను చెల్లెలా అని పిలిచేవాణ్ణి, ఇప్పటికీ అట్నే పిలుస్తాను.

ఆ పిల్లకు నాలుగో నెల వచ్చినప్పుడు పూనకం మొదలైంది. సాయంత్రం పొయ్యి అంటించే వేళకు వణికేది. వణుకు ఆగినాక నోట్లోంచి మా అక్క గొంతు వచ్చేది. మా అక్క మాట చివర లాగి పలికేది. అదే లాగుడు. దయ్యాలు ఏడుస్తాయి, శాపాలు పెడతాయి అంటారు. మా అక్క అట్లాంటివేం చేయలేదు. ఇంటి సంగతులు మాట్లాడేది.

"రొయ్యలు ఎండకు పోసినా మావా, మబ్బు పట్టింది, ఎత్తు."

"ఎత్తినాలే," అనేవాడు బావ.

"వల మూల చిరిగింది, కుట్టినావా లేదా?"

"కుట్టినా. ఇంకేంది?"

"ఇంకేంది, ఉట్టి మీది చేపలు పిల్లి తినబోతాంది, చూడు."

ఆయన పొయ్యి పక్కన గొంతుకూర్చుని అన్నిటికీ జవాబు చెప్పేవాడు. నవ్వేవాడు కూడా. అక్క పోయినాక ఆయన మనస్ఫూర్తిగా నవ్వడం నేను చూసింది ఆ నెలన్నరే. మంత్రగాణ్ణి పిలుద్దామని ఇంట్లోవాళ్లు అంటే, "మాట్లాడనీ. ఇప్పుడేం మునిగిపోయింది?" అన్నాడు.

మునుగుతున్నది ఆ పిల్ల. పూనకం దిగినాక నేలమీద గుడ్డపేలికలాగ పడి ఉండేది. అన్నం సయించేది కాదు. కడుపు పెరుగుతుంటే మనిషి తరిగిపోయింది. మా అమ్మ అది చూసి తట్టుకోలేకపోయింది. "నా కూతురు పోయింది చాలదా? ఇంకొకరి కూతుర్ని గూడా తీసకపోతాదా? ఆ ఉసురు మనకెందుకురా," అని నా దగ్గర ఏడ్చింది.

బావ చేపల వేటకు పోయిన ఒక పొద్దున మా అమ్మ తడ దిక్కు నుంచి ఒక మంత్రగాణ్ణి పిలిపించింది. సగం అరవం, సగం తెలుగు మాట్లాడేవాడు. దయ్యాన్ని చెట్టుకు మేకు కొట్టి ఆపాల అన్నాడు. "పారేదాన్ని గుచ్చితే ఆగతాది," అన్నాడు. వేరే ఊళ్లలో చింతచెట్టుకు కొడతారు. మా ఉప్పునేలలో చింత లేదు. గట్టు మీద ఒక గంగరావి ఉంది, దాని నీడలో మేం పడవలు ఆరబెట్టేవాళ్లం. దానికే కొట్టమన్నాడు. ఆ పిల్ల దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు మా అమ్మ తెచ్చింది, ఆ పిల్లకు తెలియకుండా. మా పల్లె కమ్మరి చేసే నాలుగు పలకల పడవమేకు ఒకటి తీసుకుని, దానికి ఆ వెంట్రుకలు చుట్టి నా చేతిలో పెట్టినారు.

"తోడబుట్టినవాడే కొట్టాల. వేరేవాడు కొడితే నిలవదు," అన్నాడు మంత్రగాడు.

ముందురోజు సాయంత్రమే నేను బావ ఇంటికి పోయి ఉన్నాను. వాకిట్లో నిలబడితే, పూనకంలో ఉన్న ఆ పిల్ల నోట మా అక్క నన్ను గుర్తుపట్టింది. "తమ్ముడూ, అన్నం తిన్నావా?" అని అడిగింది. "తిన్నానక్కా," అన్నాను. ఆ గొంతుకు జవాబు చెప్పి, తెల్లారి వచ్చి మేకు కొట్టినాను. నా రొమ్ము ఎత్తున, నీళ్ల వైపుకు, ఏడు దెబ్బలు. ఏడో దెబ్బకు మేకు తల బెరడులోకి దిగిపోయింది. వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి పొమ్మన్నారు, పోయినాను.

పూనకం ఆగిపోయింది. ఆ పిల్ల కోలుకుంది, కొడుకును కన్నది. బావ మాత్రం చాలా రోజులు పొయ్యి పక్కన గొంతుకూర్చుని ఎదురుచూసినాడు. ఒకరోజు పడవ దగ్గర నన్ను అడిగినాడు: "మీ అక్క ఎందుకు రావడంలేదురా? నేనేమన్నా తప్పు మాట్లాడినానా?"

"ఏమో బావా," అన్నాను.

మా అమ్మ పోయినాక ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన పక్కనే కూర్చుని ముప్పై ఏళ్లు బ్లేడ్లు సానబట్టినాను. సద్దిమూట పంచుకున్నాం, బీడీ పంచుకున్నాం. ఆ 'ఏమో' మాత్రం మార్చలేదు.

నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆ చెల్లెలే. ఏ బ్లేడు ఎన్నిసార్లు సాన ఎక్కిందో నేను తాడుకు ముళ్లు వేసి గుర్తుపెట్టుకునేవాణ్ణి. కొత్తగా వచ్చిన ఓనరు, పాతాయన కొడుకు, బోర్డు మీద రాయమన్నాడు. నాకప్పుడు యాభై దాటినాయి. బావకు అన్నం క్యారియరు తెచ్చినప్పుడు ఆమె పనికిరాని చెక్కల మీద సుద్దతో రాసి చూపేది.

"ఇంత వయసొచ్చి 'అ' గుండ్రంగా తిప్పలేవా అన్నా?"

"నా చెయ్యి పళ్లు రాపడానికి అలవాటమ్మా. గుండ్రం రాదు."

పక్కనుంచి బావ, "వాడు రాసింది చదివితే నాలుక తెగతాది. రంపంపళ్లు గదా," అనేవాడు.

ఒక మధ్యాహ్నం బావ చెయ్యి కడుక్కోవడానికి పోయినప్పుడు ఆమె ఉన్నట్టుండి అడిగింది: "అన్నా, ఆ రోజుల్లో నేనేం మాట్లాడేదాన్నో నీకు గుర్తుందా? నాకొక్క ముక్క గుర్తులేదు. ఆయన్ని అడిగితే చెప్పడు." నేను సుద్ద తీసుకుని ఆమె రాసిన అక్షరం మీద మళ్లీ మళ్లీ దిద్దినాను. "నాకూ గుర్తులేదమ్మా," అన్నాను.

నాలుగేళ్ల కింద, మా పల్లె దారి వెడల్పు చేస్తూ గట్టు మీది గంగరావిని నేలమట్టానికి కొట్టేసినారు. ఒకరోజు పొద్దున్నే లారీలో దాని దుంగ మా మిల్లుకు వచ్చింది. పులికాట్ చెరువు పడవలకు అడ్డకట్టెలు కావాలని అప్పటికే ఒకరు అడిగి ఉన్నారు, గంగరావి దొరికిందని ఓనరు సంతోషపడినాడు. బావ అయితే దుంగ దించకముందే లారీ ఎక్కి దాని మీద చెయ్యేసి నిలబడినాడు.

"మన చెట్టురా! యాడికి పోయినా మనల్ని వెతుక్కుంటా వచ్చింది చూడు."

మిల్లులో ఒకే ఒక్క ధర్మముంది. దుంగలో ఇనుము ఉందని అనుమానమొస్తే నోరు తెరవాల. వేలాడదీసిన గొలుసు ముక్కైనా సరే, ఎవరో పందిరికి కొట్టిన చీలైనా సరే. తిరిగే బ్లేడుకు ఇనుము తగిలితే పళ్లు ఎగురుతాయి, పట్టీ తెగుతుంది, తెగిన పట్టీ ఎటు కొడుతుందో దేవుడిక్కూడా తెలియదు. ఆ మాట వచ్చినవాడికల్లా చెప్పింది నేనే. ఇనుమును కనిపెట్టే మిషను కొంటానని ఓనరు రెండేళ్లుగా అంటున్నాడు, కొనలేదు. మేం కంటితోనే చూసేవాళ్లం. ఇనుము ఉన్నచోట కట్టె నల్లబడుతుంది. గంగరావి చేవ ఎట్లాగూ నల్లగానే ఉంటుంది.

చెప్పొచ్చు. ఇందులో మేకు ఉంది బావా అంటే చాలు. నీకెట్లా తెలుసని అడుగుతాడు. ఎవరు కొట్టినారని అడుగుతాడు. అబద్ధం చెప్పొచ్చు. ఆయన ముందు ఇంకొక అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు, నిజం చెప్పే ధైర్యమూ లేదు. అందుకని మూడో దారి వెతికినాను.

బిడ్డ పెరిగేకొద్దీ బొడ్డు నేలకు ఎత్తవుతుంది గదా. చెట్టూ అంతే అనుకున్నాను. నా రొమ్ము ఎత్తున కొట్టిన మేకు నలభై ఏళ్లలో చెట్టుతోపాటు పైకి పోయి ఉంటుంది, రెండు నిలువులన్నా. దుంగ మొదలు నుంచి కొలుచుకుంటూ పోతే రెండు నిలువుల దగ్గర నిజంగానే ఒక బొడిపె కనిపించింది. బెరడు మడతపడి, మానిన పుండు మాదిరి. ఇదే, అనుకున్నాను. ఇంకేం ఆలోచించలేదు.

"ఇక్కడ డొల్లుంది బావా. ఈ ముక్క తీసేద్దాం."

బావ సుత్తి తీసుకుని తట్టి విన్నాడు. "యాడరా డొల్ల? నీ చెవిలో ఉందేమో."

"నేను చెప్తాన్నా గదా."

"సర్లే. బ్లేడు నీది, పంతం నీది."

మోటారు రంపంతో ఆ ముక్క తీయించి వంటచెరుకు కుప్పలో వేయించినాను. కొత్త బ్లేడు ఒకటి దాచిపెట్టుకున్నది ఉంటే అది ఎక్కించినాను. ఆరోజు ఎంత జాగ్రత్తగా ఎక్కించినానో. చక్రాల మీద పట్టీ అంచు సరిగ్గా కూర్చుందా అని చేత్తో మూడుసార్లు తిప్పి చూసినాను. పళ్లు ఎడమకొకటి కుడికొకటి వంగినవి వంగినట్టే ఉన్నాయా అని ఒక్కొక్కటీ చూసినాను.

"ఏంరా, బ్లేడుకు పెళ్లిచూపులా? ఇంతసేపు సింగారిస్తాన్నావు," అన్నాడు బావ.

"నీ గడ్డం గీసే బ్లేడు కాదు బావా, ఇరవైరెండడుగులు."

ఫ్యూజులు పెట్టినాను. మొదటి కోత వెన్నలోకి కత్తి దిగినట్టు దిగింది. పొట్టు రవ్వలాగ రాలింది. రెండో కోతా అంతే. మూడో కోత సగానికి రాగానే బ్లేడు పాట మారింది. రెప్పపాటు కూడా పట్టలేదు. కీచుమంది, నిప్పురవ్వలు లేచినాయి, ఎవరో కంచం విసిరికొట్టినట్టు చప్పుడైంది. నేను మీట కిందికి లాగేసరికి బావ దుంగ మీద వాలిపోయి ఉన్నాడు. తెగిన బ్లేడు మిషను పక్కన ఇంకా కదులుతోంది. ఎడమచేతి చిటికెనవేలు, దాని పక్క వేలు పోయినాయి.

కోటలో కట్టు కట్టించి నెల్లూరు తీసుకుపోయినాం. దారిపొడుగునా ఆయన ఒకటే అడిగినాడు, "ఏం తగిలిందిరా? ఏం తగిలింది?" నేను ఆయన చెయ్యి ఎత్తి పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

దుంగను ఎవరూ కదిలించొద్దని ఆస్పత్రి నుంచే కబురు పెట్టినాడు. పదో రోజు కట్టుతోనే మిల్లుకు వచ్చి ఉలి అడిగినాడు. "నువ్వు పట్టుకో, నేను కొడతా," అన్నాడు. కుడిచేత్తో సుత్తి వేస్తుంటే నేను ఉలి పట్టుకున్నాను. జానెడు కట్టె లేచినాక మేకు బయటపడింది. ఒక పక్క బ్లేడు కొరికిన మెరుపు. నాలుగు పలకలు. మొదలు దగ్గర నల్లగా ఏదో చుట్టుకుని ఉంది, వెంట్రుకలో, కట్టె నారో. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసినాడు. మా పల్లె కమ్మరి మేకు ఆయనకు తెలియనిది కాదు. చెట్టుకు పడవమేకు ఎందుకు కొడతారో కూడా తెలియనిది కాదు.

దుంగ మొదలు నుంచి మేకు దాకా నేను నిలబడి చూసుకున్నాను. సరిగ్గా నా రొమ్ము ఎత్తు. అంగుళం కూడా పైకి పోలేదు.

"ఎవరు కొట్టినారు?"

"నేనే."

"ఎవరు కొట్టమన్నారు?"

"అమ్మ. ఆ పిల్ల చచ్చిపోతాదని."

ఆయన తల ఊపినాడు. ఇంకేదో అడుగుతాడనుకున్నాను. వంటచెరుకు కుప్ప దిక్కు చూసినాడు.

"ఆ పైముక్క అందుకేనా తీయించింది?"

"మేకు చెట్టుతోపాటు పైకి పోయి ఉంటాదనుకున్నా బావా."

"చెట్టు చివర పెరగతాదిరా. మొదలు లావెక్కతాది, అంతే. ఇన్నేళ్లు కట్టె మధ్య ఉండి ఆ మాత్రం తెలీదా నీకు?" అన్నాడు. కోపంగా అనలేదు. పని నేర్పేటప్పుడు అన్నట్టు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మేకు కొట్టినందుకు నేనేమీ అనను. ఆ పిల్ల బతికింది, నా బిడ్డలు బతికినారు. కానీ నేను తప్పు మాట్లాడినందుకే మీ అక్క రాకుండా పోయిందని ఇన్నేళ్లూ అనుకుంటాన్నానురా. ఆ రోజు పడవ దగ్గర అడిగినా గదా. ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది," అన్నాడు.

మేకును జేబులో వేసుకుని వెళ్లిపోయినాడు.

మేకు పీకితే మంత్రం కట్టు విడిపోయి పూనినవాళ్లు మళ్లీ వస్తారని మావాళ్ల నమ్మకం. ఆయన కూడా అదే నమ్మకంతో పోయినాడని నాకు తర్వాత తెలిసింది. చెల్లెలే చెప్పింది. రోజూ సాయంత్రం గ్యాసుపొయ్యి ముందు కుర్చీ వేసుకుని ఆమె ముఖంలోకి చూస్తూ కూర్చుంటాడట. ఆయన అంతా ఆమెకు చెప్పేసినాడు. "నా ఒంట్లో ఇప్పుడు మీ అక్కకు చోటు యాడుందన్నా? మోకాళ్ల నొప్పులే నిండిపోయినాయి," అని నవ్వింది. నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఒక్కోసారి ఆయన కోసం వణికినట్టు చేద్దామా అనిపిస్తాది. ఏం మాట్లాడాలో నాకు తెలీదు గదా. నీకు గుర్తులేదంటివి."

అప్పుడు చెప్పినాను. రొయ్యలు, వల మూల, ఉట్టి మీది చేపలు, అన్నీ. విని ఆమె, నాకోసం తెచ్చిన క్యారియరు గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని లేచిపోయింది. ఆమె ఆయన ముందు ఆ మాటలు పలికిందో లేదో నేను అడగలేదు. పలకలేదనే అనుకుంటాను.

ఆరేడు నెలలైనాక బావ మిల్లుకు వచ్చి నా పక్కన పొట్టు కుప్ప మీద కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన కోయడంలేదు, వేరేవాళ్లు కోస్తున్నారు. ఊరికే వచ్చి కూర్చుంటాడు. జేబులోంచి మేకు తీసి నా ఆకురాళ్ల పెట్టెలో వేసినాడు.

"పీకినా రాలేదురా."

దాన్ని తీసి ఆయన చేతికివ్వబోయినాను.

"నీ దగ్గరే ఉంచు. వస్తే కొట్టినోడి దగ్గరికే రావాల," అన్నాడు.

ఆకురాయి కోసం పెట్టెలో చెయ్యి పెట్టినప్పుడల్లా ముందు అదే తగులుతుంది. తీసి వేరేచోట పెట్టలేదు. తెగిన బ్లేడు కూడా పారేయలేదు. అతికించి చూసినాను, నిలవలేదు. పళ్లు ఊడిన పట్టీనే మడిచి గోడకు మిగతావాటితోపాటు తగిలించినాను.

మొన్న మళ్లీ రాకెట్టు పోయింది. రేకులు దడదడమని ఆగిపోయినాయి. గోడమీద బ్లేడ్లు మోగడం మొదలుపెట్టినాయి, విరిగినదీ వాటితోపాటు. బావ తల ఎత్తలేదు, ఏమీ అనలేదు. బీడీ చూసుకుంటున్నాడు. ఆకురాయి ఆపింది నేను. ఆ మోత పూర్తిగా సద్దుమణిగేదాకా పంటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

అన్నం తిన్నావా అని అక్క అడిగితే ఈసారి తినలేదని చెప్తాను. అట్లయితే పెట్టేదాకా ఉంటుంది.